కాలిక్యులస్ దగ్గరకొచ్చేసరికి ఆగిపోతున్నాను: గోదావరి జిల్లాల సీనియర్లు, మాస్టార్లు కాస్త చెప్పండి

లంక కుర్రాడు (బీటెక్ మొదటి సంవత్సరం)

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. భీమవరం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీఎస్ఈ చదువుతున్నాను. ఇంటర్ హాస్టల్లో ఉండి చదివాను. మ్యాథ్స్ వన్-బీలోనూ టూ-బీలోనూ 75కి డెబ్బై దాటాయి. ఇప్పుడు మొదటి సెమిస్టర్‌లో లీనియర్ ఆల్జీబ్రా అండ్ కాలిక్యులస్ పేపరుంది. మాట్రిక్సులు, ఐగెన్ వాల్యూలు బాగానే నడిచాయి. మీన్ వాల్యూ థీరమ్స్ మొదలయ్యాక క్లాసులో ఏం జరుగుతోందో అర్థం కావట్లేదు.

ఇంటర్‌లో రోల్స్ థీరమ్ లెక్కంటే నాకు భయం లేదు. మూడు కండిషన్లు రాయడం, డెరివేటివ్ కట్టి సున్నాకి సమానం చెయ్యడం, వచ్చిన సీ విలువ ఇంటర్వెల్‌లో ఉందని రాయడం. మార్కులు పడేవి. మొన్న మిడ్ పరీక్షలో అలా అడగలేదు. మూడు కండిషన్లలో ఒక్కొక్కటి తీసేస్తే సిద్ధాంతం ఎందుకు నిలబడదో బొమ్మలు గీసి చూపించమన్నారు. బొమ్మ అనేసరికి చెయ్యి కదల్లేదు. నా చుట్టుపక్కల కూర్చున్నవాళ్ళదీ అదే పరిస్థితి. క్లాసులో అడుగుదామంటే మొహమాటం. ముందు పార్షియల్ డిఫరెన్సియేషన్, మల్టిపుల్ ఇంటిగ్రల్స్ ఇంకా ఉన్నాయి. పరీక్షకి నెలే ఉంది. చాలా టెన్షన్‌గా ఉంది. మీకెలా గడిచింది? ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

అత్తిలి ఈసీఈ (బీటెక్ మూడో సంవత్సరం)

తమ్ముడూ, నువ్వు చెప్పింది చదువుతుంటే నా మొదటి సెమిస్టర్ కళ్ళముందు కనపడింది. ఇంటర్‌లో డెబ్బై వచ్చినవాళ్ళు ఇక్కడ తడబడటానికి కారణం తెలివి తక్కువై కాదు. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో 80 మ్యాథ్సే. ఆ వేగానికి తగ్గట్టు మనల్ని తయారుచేశారు. ఇంటిగ్రేషన్ బిట్ వస్తే ఇంటిగ్రేట్ చెయ్యకుండా ఆప్షన్లని డిఫరెన్సియేట్ చేసి ఏది సరిపోతుందో చూసేవాళ్ళం. లిమిట్ బిట్ వస్తే ఎక్స్ బదులు ఒక చిన్న అంకె వేసేవాళ్ళం. ఆ పరీక్షకి అది సరైన పద్ధతే, తప్పేం లేదు. ఇక్కడ ఆప్షన్లుండవు, తెల్ల కాగితం ఒక్కటే ఉంటుంది. అంతే తేడా.

నీ సిలబస్‌లో అయిదు యూనిట్లుంటే మూడు కాలిక్యులస్సే. ఎక్స్‌టర్నల్ 70కి కనీసం 25 రావాలి, ఇంటర్నల్స్‌తో కలిపి వందకి 40 ఉండాలి. మాట్రిక్సులు రెండు యూనిట్లు గట్టిగా చేసి గట్టెక్కేద్దాం అనుకునేవాళ్ళు మా బ్యాచ్‌లో చాలామంది ఉన్నారు. కొందరు గట్టెక్కారు కూడా. కానీ రెండో సెమిస్టర్‌లో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, వెక్టర్ కాలిక్యులస్ వచ్చినప్పుడు మళ్ళీ మొదటికే వచ్చారు. మా ఈసీఈ వాళ్ళకైతే సిగ్నల్స్ పేపర్లో ప్రతి పేజీకీ ఒక ఇంటిగ్రల్ ఉంటుంది. ఇప్పుడు దాటేస్తే తర్వాత వడ్డీతో కట్టాలి.

లెక్కల మేడం (డిగ్రీ లెక్చరర్, కాకినాడ వైపు)

బాబూ, నీ మిడ్ ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ముందు దాని సంగతి చూద్దాం. గీత ఎక్కడా తెగకుండా, మధ్యలో మొనలు లేకుండా ఉండి, రెండు కొసల ఎత్తూ సమానమైతే, మధ్యలో ఎక్కడో ఒక చోట వాలు (డెరివేటివ్) సున్నా అవుతుందన్నదే రోల్స్ సిద్ధాంతం. కాగితం, పెన్సిల్ పక్కన పెట్టుకో.

ఒకటి. మాడ్ ఎక్స్ తీసుకో, మైనస్ 1 నుంచి 1 వరకు. ఇది వి ఆకారంలో ఉంటుంది. రెండు కొసల ఎత్తూ 1, గీత ఎక్కడా తెగలేదు. కానీ సున్నా దగ్గర మొన ఉంది, అక్కడ స్పర్శరేఖ గీయలేం. ఎడమ పక్క వాలు మైనస్ 1, కుడి పక్క ప్లస్ 1. సున్నా వాలు ఎక్కడా లేదు. అంటే డిఫరెన్షియబుల్ అనే కండిషన్ పోయింది, దానితో సిద్ధాంతం పోయింది.

రెండు. సున్నా నుంచి 1 దాకా వై ఈక్వల్స్ ఎక్స్ గీతే గీసి, 1 దగ్గర మాత్రం విలువ సున్నా అని పెట్టు. కొసలు రెండూ సున్నా. మధ్యలో అంతటా డెరివేటివ్ ఉంది, అది 1. సున్నా కానే కాదు. ఎందుకంటే చివరి బిందువు దగ్గర గీత తెగింది. కంటిన్యుటీ కావాలని ఎందుకు అడిగారో ఇక్కడ తెలుస్తుంది.

మూడు. అదే గీత, చివర తెంపకుండా. అప్పుడు కొసల ఎత్తులు సమానం కావు, ఎక్కుతూనే పోతుంది.

ఈ మూడు బొమ్మలూ నీ చేత్తో నువ్వు గీస్తే ఆ ప్రశ్న అయిపోయినట్టే. లెగ్రాంజ్ సిద్ధాంతానికి బొమ్మ కూడా అక్కర్లేదు. రావులపాలెంలో బస్సెక్కి 30 కిలోమీటర్లు అరగంటలో వెళ్ళావనుకో. సగటు వేగం 60. దారిలో ఏదో ఒక క్షణాన స్పీడోమీటర్ సరిగ్గా 60 చూపించి తీరాలి. బస్సు ఉన్నట్టుండి ఒక చోట మాయమై ఇంకో చోట తేలదు కాబట్టి.

ఇక నీ పెద్ద ప్రశ్నకి వస్తాను. ఏళ్ళ తరబడి జవాబు పత్రాలు దిద్దుతున్నదాన్ని, ఒక మాట గట్టిగా చెప్తాను. మేము కాలిక్యులస్‌లో మార్కులు కోసే చోట్లలో చాలా భాగం కాలిక్యులస్ తప్పులు కావు. పదో తరగతి ఆల్జీబ్రా తప్పులు. హారంలో కూడికని విడదీసి రెండు భిన్నాలుగా రాసేస్తారు. రూట్ కింద రెండు వర్గాల మొత్తం ఉంటే రూట్ తీసేసి విడివిడిగా రాసేస్తారు. సైన్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్‌కి డెరివేటివ్ కాస్ టూ ఎక్స్ అని రాసినవి లెక్కలేనన్ని చూశాను. అక్కడ సరైనది: ముందు బయటి సైన్‌ని డిఫరెన్సియేట్ చేసి కాస్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్, తర్వాత లోపలి ఎక్స్ స్క్వేర్‌ని డిఫరెన్సియేట్ చేసి టూ ఎక్స్, ఈ రెండిటినీ గుణించాలి. ఆ పిల్లలకి చైన్ రూల్ ఫార్ములా నోటికి వచ్చు. లోపల ఒక ఫంక్షన్, బయట ఒక ఫంక్షన్ ఉన్నాయని కంటికి ఆనదు, అదీ ఇబ్బంది.

మా మొదటి క్లాసులో నేను ఫార్ములా రాయను. కాలిక్యులేటర్ తీయమంటాను. ఎక్స్ స్క్వేర్ మైనస్ 4 ని ఎక్స్ మైనస్ 2 తో భాగించండి, ఎక్స్ బదులు 1.9 వెయ్యండి అంటాను. 3.9 వస్తుంది. 1.99 వేస్తే 3.99, 2.01 వేస్తే 4.01. సరిగ్గా 2 వేస్తే కాలిక్యులేటర్ ఎర్రర్ అంటుంది. అక్కడ విలువ లేదు, కానీ చుట్టూ ఉన్నవన్నీ 4 వైపే నడుస్తున్నాయి. లిమిట్ అంటే ఏమిటో ఆ పట్టిక చూసి పిల్లలే చెప్తారు.

తర్వాత సైన్ ఎక్స్ బై ఎక్స్, ఎక్స్ బదులు సున్నాకి బాగా దగ్గరగా ఉన్న అంకె వేసి. సగం క్లాసుకి 1 వస్తుంది, సగం క్లాసుకి 0.01745 వస్తుంది. వాళ్ళ కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉంటుంది కదా! ఆ 0.01745 ఏమిటంటే పై బై 180. రేడియన్లు ఎందుకు పెట్టారన్నది ఆ రోజు వాళ్ళకి తెలుస్తుంది. డిగ్రీల్లో లెక్క కడితే సైన్, కాస్‌ల ప్రతి డెరివేటివ్‌కీ ఈ పై బై 180 తోకలా పట్టుకుని వస్తుంది. రేడియన్లలో ఆ బెడద ఉండదు.

నువ్వు ఈ వారం కొత్త లెక్కలేవీ చెయ్యకు. ఫస్ట్ ప్రిన్సిపుల్ (డెరివేటివ్‌కి లిమిట్‌తో ఇచ్చిన నిర్వచనం) నుంచి ఎక్స్ స్క్వేర్, రూట్ ఎక్స్, వన్ బై ఎక్స్, సైన్ ఎక్స్ డెరివేటివ్‌లు నాలుగూ కాగితం మీద తెచ్చుకో. ప్రతిదానికీ పక్కన గ్రాఫ్ గియ్యి. ఎక్కడ ఆగితే అక్కడ రాయి, నేను చూస్తాను.

బెంగళూరు తణుకోడు

మేడం గారంటే గౌరవమే, కానీ నేను వేరే మాట చెప్తాను. కోడింగ్ ఉద్యోగంలో ఇన్నేళ్ళుగా ఉన్నాను, ఒక్కసారి కూడా ఇంటిగ్రల్ కట్టాల్సిన అవసరం రాలేదు. లంక తమ్ముడి ఇంట్లో వాళ్ళు ఎంత కష్టపడి ఫీజు కడుతున్నారో మనకి తెలీదు. బ్యాక్‌లాగ్ పడితే ప్లేస్‌మెంట్లప్పుడు కొన్ని కంపెనీలు కూర్చోనివ్వవు. ముందు పాస్ అవ్వాలి. పాత పేపర్లు తీసి, యూనిట్‌కి రెండు మోడల్స్ పట్టి, చూడకుండా రాసేంత వరకు సాధన చెయ్యి. అర్థం తర్వాత దానంతట అదే వస్తుంది. నేను అలాగే పాసయ్యాను, మా రూమ్మేట్లూ అలాగే పాసయ్యారు.

అత్తిలి ఈసీఈ

అన్నా, పాస్ అవ్వాలన్న దాంట్లో నీతో గొడవ లేదు. కానీ సీఎస్ఈ వాళ్ళకి అక్కర్లేదనడం మాత్రం ఇప్పుడు కుదరదు. మెషిన్ లెర్నింగ్ ఎలెక్టివ్ తీసుకున్న నా ఫ్రెండ్స్ ఇప్పుడు పార్షియల్ డెరివేటివ్‌లు మళ్ళీ మొదటినుంచి నేర్చుకుంటున్నారు. మోడల్ తప్పు ఎంత చేస్తోందో ఒక ఫంక్షన్‌గా రాస్తారు. అందులో ఉన్న ఒక్కో వెయిట్‌ని (మోడల్ లోపల మార్చగలిగే అంకెని) కాస్త కదిపితే ఆ తప్పు ఎంత మారుతుందన్నది పార్షియల్ డెరివేటివ్. ఆ వాలుకి ఎదురు దిశలో కొంచెం కొంచెంగా జరుపుకుంటూ పోవడమే గ్రేడియెంట్ డిసెంట్. లోపల జరిగేదంతా మేడం చెప్పిన చైన్ రూలే, పొర తర్వాత పొర. తమ్ముడి నాలుగో యూనిట్ అదే.

గౌతమి గట్టు (జలవనరుల శాఖలో పనిచేసి రిటైరయ్యాను)

ఈ చర్చ చూసి ఆగలేక రాస్తున్నాను. మన డెల్టా పిల్లలు కాలిక్యులస్ తెలియదంటే నాకు మనసొప్పదు. వరదలొచ్చినప్పుడు మీ ఇళ్ళలో మాట్లాడుకునేదంతా కాలిక్యులస్సే.

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల నీటిమట్టానికి, అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి ఇస్తారు. రెండోది 13.75 అడుగులు, 13 లక్షలు. మూడోది 17.75 అడుగులు, 17 లక్షలు. ఈ అంకెలు లంకల్లో చిన్నపిల్లలకి కూడా నోటికి వచ్చు. ఇప్పుడు వాటి మధ్య వాలు కట్టి చూడండి. మొదటి హెచ్చరిక నుంచి రెండోదాకా 2 అడుగులకి 3 లక్షలు, అంటే అడుక్కి లక్షన్నర. రెండోదాని నుంచి మూడోదాకా 4 అడుగులకి 4 లక్షలు, అడుక్కి లక్ష. ఒకే నది, ఒకే బ్యారేజీ, కానీ రేటు మారిపోయింది. గీత సరళరేఖ అయ్యుంటే మారదు కదా. వాలు చోటుని బట్టి మారే చోటే డిఫరెన్సియేషన్ అవసరం పడుతుంది.

వరద రోజుల్లో అడిగే ప్రశ్న "నీళ్ళెంత ఉన్నాయి" ఒక్కటే కాదు. "ఇంకా పెరుగుతోందా, నిలబడిందా?" అని కూడా అడుగుతారు. పెరుగుతోందంటే డెరివేటివ్ ప్లస్. నిలబడిందంటే సున్నా. తీస్తోందంటే మైనస్. "పెరుగుతోంది గానీ ఇందాకటంత జోరు లేదు" అన్నారంటే మొదటి డెరివేటివ్ ప్లస్, రెండోది మైనస్. ఆ మాట వినగానే గట్టు మీద మేం కాస్త ఊపిరి పీల్చుకునేవాళ్ళం. మట్టం ఇంకా పెరుగుతున్నా సరే, పరాకాష్ఠ దగ్గర పడిందని దాని అర్థం.

లంక కుర్రాడు

అయ్యగారూ, ఇది నాకు బాగా ఎక్కింది. మా నాన్నగారు కాలవ రేవు మెట్ల దగ్గర పుల్ల పాతి గంట గంటకీ చూస్తుంటారు. ఒక్క డౌటు. ఇంటిగ్రేషన్ అంటే గ్రాఫ్ కింద ఏరియా అని నేర్పారు. ఏరియా అంటే చదరపు యూనిట్లు కదండీ. అందులోంచి నీళ్ళ పరిమాణం ఎలా వస్తుంది?

గౌతమి గట్టు

సరైన ప్రశ్న అడిగావు. గ్రాఫ్‌లో అడ్డంగా గంటలు, నిలువుగా క్యూసెక్కులు వేశామనుకో. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. ఒక గంట వెడల్పు, 10 లక్షల క్యూసెక్కుల ఎత్తు ఉన్న పట్టీ ఒకటి తీసుకో. దాని వైశాల్యం అంటే ఎత్తుని వెడల్పుతో గుణించడమే. సెకనుకి 10 లక్షల ఘనపుటడుగులు, గంటకి 3,600 సెకన్లు. గుణిస్తే 360 కోట్ల ఘనపుటడుగులు. సెకన్లు పైనా కిందా కొట్టుకుపోయాయి, ఘనపుటడుగులు మిగిలాయి. 100 కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ కాబట్టి ఇది 3.6 టీఎంసీలు. ఇలాంటి పట్టీలు 24 పక్కపక్కన పెడితే రోజుకి 86.4 టీఎంసీలు.

చదరపు సెంటీమీటర్లు కాగితం మీద ఉన్నాయి, నిజం. కానీ అక్షాల మీద ఏం రాశావో దాన్నిబట్టి ఆ వైశాల్యానికి అర్థం వస్తుంది.

ప్రవాహం రోజంతా ఒకేలా ఉండదు కదా. పొద్దున 8 లక్షలుండి, సమానంగా పెరుగుతూ మర్నాడు పొద్దుటికి 10 లక్షలైతే ఆ బొమ్మ ట్రెపీజియం అవుతుంది. సగటు 9 లక్షలు, మొత్తం 77.76 టీఎంసీలు. అది కూడా సమానంగా పెరగకుండా వంపు తిరిగితే? పట్టీలని గంట నుంచి నిమిషానికి, నిమిషం నుంచి సెకనుకి సన్నం చేసుకుంటూ పో. నువ్వు పరీక్షలో రాసే డెఫినిట్ ఇంటిగ్రల్ అదే.

పాలకొల్లు పాలిటెక్నిక్ (డిప్లొమా వాళ్ళ ప్రవేశపరీక్ష ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరాను)

నేను పది వరకు తెలుగు మీడియం, తర్వాత డిప్లొమా. లేటరల్ ఎంట్రీలో వచ్చినవాళ్ళకి మొదటి సంవత్సరం మ్యాథ్స్ పేపర్లు ఉండవు. డిప్లొమాలో చేసిన ఇంటిగ్రేషన్‌తో నేరుగా రెండో సంవత్సరం సబ్జెక్టుల్లో దిగుతాం. సర్క్యూట్స్ క్లాసులో కెపాసిటర్ కరెంట్ అంటే సీ డీవీ బై డీటీ అని బోర్డు మీద రాసి ముందుకెళ్ళిపోతారు. ఇంటర్ నుంచి వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి డిప్లొమావాళ్ళకి మ్యాథ్స్ రాదంటారు. ల్యాబులో ఆసిలోస్కోప్ మీద ఆ వేవ్ చూసి, ఎక్కడ వాలు ఎక్కువుందో అక్కడ కరెంట్ ఎక్కువుంటుందని చెప్పింది మా డిప్లొమా బ్యాచే. ఫార్ములాల్లో మేం వెనకే ఉన్నాం. దానికి సాయంత్రాలు కూర్చుని కష్టపడుతున్నాం. కానీ వస్తువుని చూశాక లెక్క చెయ్యడం తేలిక.

రాజమండ్రి బీఫార్మ్ (మొదటి సంవత్సరం)

నాదింకో రకం కష్టం. ఇంటర్ బైపీసీ. బీఫార్మసీలో బైపీసీ వాళ్ళకి మొదటి సెమిస్టర్‌లో రెమెడియల్ మ్యాథమెటిక్స్ ఉంటుంది. పార్షియల్ ఫ్రాక్షన్స్, లాగరిథమ్స్ నుంచి మొదలై లిమిట్స్, డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్, చివరికి లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్స్ దాకా ఒక్క సెమిస్టర్‌లో. ఎంపీసీ వాళ్ళు రెండేళ్ళు చదివింది మేం కొన్ని నెలల్లో చదవాలి. లాగ్ అంటే ఏమిటో స్థిరపడకముందే లాగ్‌ని డిఫరెన్సియేట్ చెయ్యమంటారు. మా హాస్టల్లో ఏడ్చిన అమ్మాయిలు ఉన్నారు.

ఇది అసలు ఫార్మసీకి ఎందుకు పనికొస్తుందో ఎవరైనా చెప్తే చదవాలనిపిస్తుంది.

లెక్కల మేడం

అమ్మా, మీకు చాలా పనికొస్తుంది. ఎక్కువ మందుల విషయంలో ఒంట్లోంచి మందు పోయే వేగం ఒంట్లో ఉన్న మందుకి అనుపాతంలో ఉంటుంది. ఎక్కువుంటే ఎక్కువ వేగంగా పోతుంది, తక్కువుంటే నెమ్మదిగా. ఈ ఒక్క వాక్యమే డిఫరెన్షియల్ ఈక్వేషన్: డీసీ బై డీటీ ఈక్వల్స్ మైనస్ కేసీ. ఇక్కడ సీ అంటే ఒంట్లో ఉన్న మందు, టీ అంటే కాలం, కే ఒక స్థిరాంకం. వేరియబుల్స్ విడదీసి ఇంటిగ్రేట్ చేస్తే ఎడమ పక్క లాగ్ వస్తుంది. మందు సగానికి పడిపోవడానికి పట్టే కాలం 0.693 బై కే అని మీ ఫార్మకాలజీలో వస్తుంది కదా, ఆ 0.693 అంటే నేచురల్ లాగ్ 2 (ln 2). డాక్టరు ఆరు గంటలకో మాత్ర, ఎనిమిది గంటలకో మాత్ర అని రాయడం వెనక ఈ లెక్క ఉంటుంది.

లాగ్ స్థిరపడకుండా ముందుకు వెళ్ళొద్దు. లాప్లాస్ చివర్లో చూసుకోవచ్చు. ముందు లాగరిథమ్స్‌కి వారం పట్టినా పరవాలేదు, అక్కడ కూర్చో.

ఉండి రొయ్యల రైతు

తణుకు తమ్ముడు ఎక్కడ వాడతాం అన్నాడు కాబట్టి రాస్తున్నాను. నేను బీఎస్సీ మ్యాథ్స్ చదివి చెరువులు చూసుకుంటున్నాను.

మా దగ్గర రొయ్య సైజుని కౌంట్‌లో చెప్తాం, అంటే కిలోకి ఎన్ని తూగుతాయని. 10 గ్రాముల రొయ్య 100 కౌంట్, 20 గ్రాములు 50 కౌంట్, 25 గ్రాములు 40 కౌంట్. కౌంట్ అంటే వెయ్యిని గ్రాముల్లో ఉన్న బరువుతో (డబ్ల్యూ) భాగించడమే. రోజుకి పావు గ్రాము పెరుగుతోందనుకుందాం. కొత్తగా చెరువు వేసినవాళ్ళు నన్నడిగే మాట ఒకటుంది: "మొదట్లో కౌంట్ గబగబా పడిపోయింది, ఇప్పుడు పడట్లేదు, రొయ్య ఎదగడం మానేసిందా?" మానలేదు. వెయ్యి బై డబ్ల్యూని డిఫరెన్సియేట్ చేస్తే మైనస్ వెయ్యి బై డబ్ల్యూ స్క్వేర్. చైన్ రూల్ ప్రకారం దాన్ని రోజువారీ ఎదుగుదలతో గుణించాలి. 10 గ్రాముల దగ్గర రోజుకి రెండున్నర కౌంట్ తగ్గుతుంది. 25 గ్రాముల దగ్గర 0.4 మాత్రమే. రొయ్య రెండు చోట్లా రోజుకి పావు గ్రామే పెరుగుతోంది. ఇది తెలియక కంగారుపడి మందులు కొట్టినవాళ్ళున్నారు, మేత మార్చినవాళ్ళున్నారు.

ఇక పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, ఎప్పుడు చెయ్యాలన్నది. చెరువులో లక్ష రొయ్య, 20 గ్రాములు, అంటే 2 టన్నులు. లెక్క కోసం కిలో 300 అనుకోండి. ఇంకొక రోజు ఉంచితే రెండు లాభాలు. ఒకటి, రోజుకి 25 కిలోల బరువు పెరుగుతుంది, 7,500 రూపాయలు. రెండు, ఆ రోజుకి కౌంట్ 0.625 తగ్గుతుంది. ఒక్కో కౌంట్‌కి రేటు 4 రూపాయలు పెరుగుతుందనుకుంటే కిలోకి రెండున్నర, 2 టన్నుల మీద 5,000. మొత్తం 12,500. ఈ రెండు ముక్కలూ మీరు చదివే ప్రాడక్ట్ రూలే: బరువు మార్పు ఇంటూ ధర, ప్లస్ బరువు ఇంటూ ధర మార్పు. ఇందులోంచి ఆ రోజు మేత, కరెంటు, ఏరియేటర్ల డీజిల్ తీసెయ్యండి. మిగులు ఉన్నంతకాలం ఉంచుతాం, సున్నాకి దగ్గర పడితే పట్టేస్తాం. జబ్బు వస్తే ఈ లెక్కలేవీ నిలవవు, అది వేరే సంగతి.

బెంగళూరు తణుకోడు

రైతు గారూ, ప్రాడక్ట్ రూల్‌ని ఇలా ఎవరూ చెప్పలేదు నాకు. మా మావయ్యకి ఆకివీడు దగ్గర చెరువులున్నాయి, ఆయనకి పంపిస్తున్నాను. అయినా నా మాట మీద నేనున్నాను. పరీక్షకి నెల మాత్రమే ఉన్న కుర్రాడు అర్థం కోసం ఎంతసేపు ఆగగలడు? రెండూ కలిపి నడపాలి.

లెక్కల మేడం

నెలలో కుదురుతుంది. పాత పేపర్లు చెయ్యొద్దని నేననను. పేపర్లో లెక్క చేసే ముందు ఒక్క బొమ్మ గీస్తే రెండు నిమిషాలు పోతాయి. ఆ రెండు నిమిషాలు మల్టిపుల్ ఇంటిగ్రల్స్‌లో పదింతలుగా తిరిగొస్తాయి. ఉదాహరణకి ఈ డబుల్ ఇంటిగ్రల్ చూడు బాబూ. లోపల ఉన్నది ఈ (e) పవర్ వై స్క్వేర్. ముందు వై మీద ఎక్స్ నుంచి 1 దాకా, తర్వాత ఎక్స్ మీద 0 నుంచి 1 దాకా. అలాగే మొదలుపెడితే లోపలి ఇంటిగ్రల్‌కి మనకి తెలిసిన ఫార్ములా ఏదీ పనిచెయ్యదు. బొమ్మ గీసి, క్రమం మార్చి చెయ్యి.

లంక కుర్రాడు

మేడం గారూ, మీరు చెప్పిన నాలుగు డెరివేటివ్‌లు ఫస్ట్ ప్రిన్సిపుల్‌తో వచ్చేశాయి. రూట్ ఎక్స్ దగ్గర పైనా కిందా కాంజుగేట్‌తో గుణించాలన్నది కాసేపటికి తట్టింది. సైన్‌కి మాత్రం సైన్ సీ మైనస్ సైన్ డీ ఫార్ములా వెతుక్కున్నాను.

డబుల్ ఇంటిగ్రల్‌కి బొమ్మ గీశాను. వై ఈక్వల్స్ ఎక్స్ గీతకి పైన, వై ఈక్వల్స్ 1కి కింద ఒక త్రిభుజం వచ్చింది. మూలలు (0, 0), (0, 1), (1, 1). నిలువు పట్టీల బదులు అడ్డం పట్టీలు పెడితే ఎక్స్ 0 నుంచి వై దాకా, వై 0 నుంచి 1 దాకా. ముందు ఎక్స్ మీద చేస్తే ఈ పవర్ వై స్క్వేర్ కదలకుండా ఉండి, పక్కన ఒక వై వచ్చి చేరింది. ఆ వై రాగానే వై స్క్వేర్ ఈక్వల్స్ టీ అని పెట్టేశాను. జవాబు (ఈ మైనస్ 1) బై 2. సరేనాండీ?

లెక్కల మేడం

సరిగ్గా ఉంది. ఆ వై ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూశావు కదా, అడ్డం పట్టీ పొడవు అది. పరీక్షలో త్రిభుజం గీసి, కొత్త లిమిట్లు బొమ్మ మీదే రాయి. చివర్లో లెక్క తప్పినా బొమ్మకి మార్కులు పడతాయి. ఇప్పుడు సైన్ ఫార్ములా వెతక్కుండా సైన్ ఆఫ్ ఎ ప్లస్ బి తోనే ఫస్ట్ ప్రిన్సిపుల్ మళ్ళీ చెయ్యి. అందులో సైన్ హెచ్ బై హెచ్, (కాస్ హెచ్ మైనస్ 1) బై హెచ్ రెండూ వస్తాయి. రెండోది సున్నా ఎందుకవుతుందో పట్టిక వేసి చూడు. కాలిక్యులేటర్ రేడియన్లలో పెట్టు.

రాజమండ్రి బీఫార్మ్

మేడం గారూ, మీరన్నట్టే లాగరిథమ్స్‌కి వెనక్కి వెళ్ళాను. మా రూమ్‌లో నలుగురం కలిసి చేస్తున్నాం. 0.693 వచ్చే లెక్క మేమే తెచ్చుకున్నాం. ఇంకో మందుకి కూడా చేసి చూస్తాం.

ఉండి రొయ్యల రైతు

లంక తమ్ముడూ, బీఫార్మ్ చెల్లెమ్మా, మీకొక పని. ఆదివారం మా చెరువులో విసురు వల వేసి శాంప్లింగ్ చేస్తున్నాం. చెరువు వేసినప్పటినుంచి వారం వారం సగటు బరువులు పుస్తకంలో రాసి ఉన్నాయి. అవి, రోజువారీ మేత లెక్కతో సహా ఇక్కడ పెడతాను. గ్రాఫ్ గీసి, ఎదుగుదల రేటు ఎక్కడ మందగించిందో, ఏ వారం పట్టుబడి చేస్తే నయమో లెక్క కట్టి చెప్పండి. నా లెక్క నేను వేసి పెట్టుకుంటాను, తర్వాత పోల్చుకుందాం.

లంక కుర్రాడు

తప్పకుండా పెట్టండి అన్నా. రేట్లు కౌంట్ వారీగా ఉంటే అవి కూడా పెట్టండి, ప్రాడక్ట్ రూల్‌లో రెండో ముక్కకి కావాలి. మా సెక్షన్‌లో ఇంకో ఇద్దరు ఈ చర్చ చదువుతున్నారు, వాళ్ళనీ కూర్చోబెడతాను.